బరాత్‌లో ఎనిమిది సిలిండర్లు

నిశ్చితార్థమైన మర్నాటి నుంచి మా ఆయన రోజూ నాకు ఫోన్ చేసేవాడు. కొత్తగా పెళ్లి కుదిరినవాళ్లు ఏం మాట్లాడుకుంటారో స్నేహితురాళ్లు ముందే చెప్పి ఉంచారు కాబట్టి, గది తలుపు గడియ పెట్టుకుని మరీ ఫోన్ ఎత్తేదాన్ని. ఆయన గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా, అమెరికా వాళ్ల మజిల్ కారుకు ఎనిమిది సిలిండర్లు ఉంటాయని చెప్పేవాడు.

"స్టార్ట్ చేస్తే ఇంట్ల గిన్నెలు అదురుతయ్, ఎర్కేనా?"

మజిల్ కారంటే పొడుగాటి ముక్కు, పెద్ద ఇంజను, రెండే తలుపులు, వీధి వీధంతా వినపడే చప్పుడు. అప్పటికి ఆయన దాన్ని ఫోన్‌లో తప్ప చూడలేదు. ఆయనకున్నది ఒక పాత బైకు. దాని మీదే రోజూ సూర్యాపేట నుంచి మిర్యాలగూడలోని వాళ్ల రైస్ మిల్లుకు వెళ్లి వస్తాడు. కోతల కాలంలో ఆ దారిలో సగం ఆరబోసిన వడ్లకే పోతుంది, మిగిలిన సగం ట్రాక్టర్లది. అలాంటి దారిలో తిరిగే మనిషికి అంత ఇంజను మీద మనసెలా పడిందో దేవుడికే తెలియాలి.

నాకు మాత్రం ఆయన నోటి నుంచి ఒక్క మాట కావాలి. నేను కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పెళ్లయ్యాక కూడా సూర్యాపేట నుంచి నా పాత చిన్న కారులో రోజూ వెళ్లి వస్తానన్నాను. ఆయనకు మిర్యాలగూడ ఎంత దూరమో నాకు కోదాడ ఇంచుమించు అంతే దూరం. కానీ ఆయన దూరాన్ని ఎవరూ కొలవలేదు. నా దూరాన్ని మాత్రం కాబోయే అత్తగారు, ఆవిడ ఆడబిడ్డ కలిసి కొలిచి, హైవే, లారీలు, ఒంటరి ఆడపిల్ల, అయినా మనకేం తక్కువ అని తేల్చేశారు.

"మీరేమంటారు?" అని ఆయన్ని అడిగితే, "సూద్దాం తియ్. గని ఆ జర్మనీ బండ్లకు గీ పికప్ ఎక్కడిది?" అనేవాడు.

మా మాటల్లోకి జర్మనీ రావడానికి కారణం మా తమ్ముడు. కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుకునే వాడు కార్ల విషయంలో ఎదుటి పార్టీ. వాడి దేవుడు నేలకు జానెడు ఎత్తులో పోయే, రెండే సీట్ల జర్మనీ స్పోర్ట్స్ కారు. నిశ్చితార్థం భోజనాల్లో వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం మా మేనమామ చేసిన పొరపాటు.

"బావా, మీ బండి సూటిగా పోవడం తప్ప ఏం చేస్తుంది? మలుపు తిరగాలంటే దానికి ముందు రోజే చెప్పి ఉంచాలి" అన్నాడు మా తమ్ముడు, పప్పు కలుపుకుంటూ.

"మన హైవే మీద మలుపు యాడున్నది బామ్మర్దీ? సూర్యాపేట నుంచి కోదాడ దాంక గీత గీసినట్టుంటది. మీ బండి స్పీడ్ బ్రేకర్ సూస్తెనే సచ్చిపోతది."

పాయసం వచ్చే వేళకు ఇద్దరూ ఒకరి విస్తరి వంక ఒకరు చూడటం మానేశారు. పక్కనే ఉన్న నన్ను, నా కారు సంగతి గానీ నా కాలేజీ సంగతి గానీ ఒక్కరూ అడగలేదు. ఒళ్లు మండిపోయింది. కొత్త పెళ్లికూతుర్ని కదా, మండుతున్న ఒంటితోనే వాళ్లకు పాయసం వడ్డించాను.

పెళ్లి కోదాడలో ఫంక్షన్ హాల్లో పగటిపూట అయింది. సాయంత్రం ఊరేగింపుకు, అంటే బరాత్ కోసం, మా ఆయన హైదరాబాద్ నుంచి ఎర్ర మజిల్ కారును కిరాయికి తెప్పించాడు. తాళం ఎవరికీ ఇవ్వని డ్రైవర్ కూడా దాంతోపాటు వచ్చాడు. అది తెలిసి మా తమ్ముడు స్నేహితుణ్ని బతిమాలి తెల్ల జర్మనీ కారు పట్టుకొచ్చాడు. రెండూ హాలు ముందు పక్కపక్కన నిలబడితే భోజనాల క్యూ సగం అక్కడికే వచ్చింది. పెళ్లికూతురు ఏ కారెక్కాలన్న గొడవను మా మేనమామ తీర్చాడు: ఎర్రదాంట్లో జంట, తెల్లదాంట్లో తమ్ముడు ముందు నడవాలి.

అప్పగింతలప్పుడు ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. రెండు తలుపుల కారులో వెనక్కి వెళ్లాలంటే ముందు సీటు మడిచి, దాని సందులోంచి దూరాలి. పట్టుచీర, పూలజడ, మెడలో దండ. అమ్మ కళ్లు తుడుచుకుని, నా కాలు ఎత్తి లోపల పెట్టింది. మా ఆయన పగిడీ పైకప్పుకు తగలడంతో తల వంచుకునే కూర్చున్నాడు. ఎంత వినయమో అని మా వాళ్లంతా మెచ్చుకున్నారు. ముందు సీట్లో వాళ్ల మేనత్త, అంటే అత్తగారితో కలిసి నా దూరం కొలిచినావిడ, కూర్చుంది.

హైవే ఎక్కగానే డ్రైవర్ కాస్త తొక్కాడు. నిజం చెప్పాలి, వెన్ను సీటుకు అతుక్కుపోయి నాకూ బాగుందనిపించింది. మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు రెప్పపాటు కూడా నిలవలేదు.

"మెల్లగ పోనియ్ బిడ్డా! పూలన్నీ రాలిపోతున్నయ్" అని మేనత్త అరిచింది.

అంతే. బానెట్ మీద బంతిపూలు, వెనకద్దం మీద మా పేర్లు, వాటిని కాపాడుకుంటూ ఎనిమిది సిలిండర్లు సూర్యాపేట దాకా నడుచుకుంటూ పోయాయి. మమ్మల్ని లారీలు దాటాయి, ఆటోలు దాటాయి. గడ్డి వేసుకున్న ట్రాక్టర్ ఒకటి దాటుతూ హారన్ కొట్టింది. మా వెనక మా బాబాయి నా చిన్న కారులో పెళ్లి సామాను వేసుకుని ఓపిగ్గా వస్తున్నాడు.

ఊళ్లోకి రాగానే డీజే మొదలైంది. బరాత్ అంటే బండి అడుగు వేసి ఆగాలి, ఆడేవాళ్లకు దారిచ్చి మళ్లీ అడుగు వేయాలి. వాళ్ల కాలనీలో కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందున్న తెల్ల కారు ముక్కు దాటింది, పొట్ట దాటలేదు. గరగరమని ఆగిపోయింది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు పూర్తవకముందే మా కారులో ఎర్ర లైటు వెలిగింది. డ్రైవర్ ఇంజను ఆపేసి, "వేడెక్కింది సార్. మెల్లగా నడిస్తే దీనికి పడదు, చల్లారే దాకా కదలదు" అన్నాడు. ఇరుపక్షాల వీరులూ వీధికి అడ్డంగా కూలబడ్డారు. డీజే మాత్రం ఆగలేదు.

మేనత్త దిగి, సీటు మడిచి, నా దండను సీటు లివర్ నుంచి విడిపించేసరికి నాకు సహనం అయిపోయింది. తెల్ల కారును ఎత్తడానికి బాబాయి అప్పటికే దిగిపోయాడు. నా కారు తాళం దానికే ఉంది. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"పెండ్లిపిల్ల బండి నడుపుడేందే?" అంది మేనత్త.

"ఇల్లు చేరాలి కదండీ" అని, మా ఆయన్ని పక్కన కూర్చోమని, ఆ సీట్లో ఉన్న పెళ్లి సామానులోని ఇత్తడి బిందె ఆయన ఒళ్లో పెట్టాను. పక్క గల్లీలోకి తిప్పాను. ఆ రోజు మొత్తం మీద మలుపు తిరిగిన కారు అదొక్కటే.

గల్లీలో మళ్లీ అడిగాను. "సోమవారం నుంచి కాలేజీకి వెళ్తాను. మీరేమంటారు?"

ఆయన బిందెను ఇటు తిప్పి, అటు తిప్పి, "ఇంటికాడ మాట్లాడుదం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పగింతల్లో రానిదంతా అప్పుడొచ్చింది.

ఇంటి దగ్గర గడపకు అడ్డంగా ఆయన చెల్లెలు, నా ఆడబిడ్డ, నిలబడి ఉంది. వెనక అత్తగారు హారతి పళ్లెంతో, ఆవిడ వెనక సగం కాలనీ. కొత్త జంట ఒకరి పేరు ఒకరు చెప్పి, ఎందుకొచ్చారో చెబితేనే ఆడబిడ్డ దారిస్తుంది. అందరూ సిగ్గుపడుతూ గొణిగే మాట అది.

"జల్ది చెప్పు వదినా, ఎవరొచ్చిన్రు?"

నేను గొణగలేదు. ఆయన పేరు స్పష్టంగా పలికి, "వారూ నేనూ వచ్చాం. వారు ఎప్పటిలాగే మిర్యాలగూడకు, నేను ఎప్పటిలాగే కోదాడకు పోయి రావడానికి ఈ ఇంటికి వచ్చాం" అన్నాను.

హారతి పళ్లెం గాల్లో ఆగింది. ఇప్పుడు ఆయన వంతు. ఆయన చెప్పాల్సిందే, చెప్పకపోతే తలుపు లేదు. వాళ్లమ్మను చూశాడు, నన్ను చూశాడు. బిందె ఇంకా చేతిలోనే ఉంది.

ఆయన నా పేరు చెప్పాడు. మొదటిసారి, అందరి ముందు. "ఈమె, నేను వచ్చినం. ఈమె చెప్పిందే నాది గూడ. జర జరుగు చెల్లె, బిందె బరువున్నది."

అత్తగారు హారతి తిప్పి, "కుడి కాలు పెట్టున్రి" అంది.

సోమవారం పొద్దున నేను బయటికి వచ్చేసరికి ఆయన నా కారు అద్దం మీద ఎండిపోయిన బంతిరేకులు తుడుస్తున్నాడు. టైర్లు తన్ని చూశాడు. బానెట్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఆలోచించాడు.

"దీనికి ఎన్ని సిలిండర్లు?" అన్నాడు.

మూడు, అన్నాను.