మామ ఆడిన రెండు అబద్ధాలు

మా పక్కింటి మామ పోయాడని మొన్న పొద్దున్నే కబురొస్తే, ముందు గుర్తొచ్చింది ఆయనతో నేను మూడేళ్ళుగా మాట్లాడలేదన్న సంగతి. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మతం వేరైనా మాకు ఆయన మామ, ఆయన భార్య అత్త. ఉదయగిరిలో మా వీధి వంటిళ్ళన్నిటిలో ఆయన చెక్కిన గరిటెలే. గరిటె నునుపు చేశాక పెదవికి రాసుకుని చూసేవాడు. ఏ కాస్త గరుకు తగిలినా మళ్ళీ ఆకురాయి అందుకునేవాడు. "చెక్క అబద్ధమాడదు అబ్బయా. పచ్చిదాన్ని ఎండిందని అమ్మితే మూన్నెల్లకి అదే పగిలి చెప్తాది" అనేవాడు. నలభై ఏళ్ళలో ఉలి తన వేలికి గీసుకోలేదని ఒక్క గొప్ప మాత్రం చెప్పుకునేవాడు. వినీ వినీ మాకు విసుగు పుట్టేది కూడా.

ఎన్నికల ఫలితాలు వచ్చిన సాయంత్రం గెలిచిన పార్టీ కుర్రాళ్ళు మా నాయన కోసం వచ్చారు. నాయన ఓడిన పార్టీకి మా వీధిలో పెద్ద తల. ప్రచారంలో నోరు పారేసుకున్న మాట కూడా నిజమే. నేనూ నాయనా గోడ దూకి మామ పెరట్లో చెక్కల మోపుల వెనక నక్కాం. వాకిట్లో ఆయన మాట వినబడుతూనే ఉంది. పెళ్ళికని సీతారామపురం పోయినారు, ఇంట్లో ఎవరూ లేరు అంటున్నాడు. నమ్మనివాడొకడు కొడవలి విసిరాడు. మామ కుడిచేతి వేళ్ళకు తగిలింది. ఆయన అరవలేదు. "లేరని చెప్తా ఉండా గదా" అన్నాడు. వాళ్ళు పోయారు.

ఆత్మకూరులో కుట్లు వేయించుకొచ్చాడు గానీ రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఆస్పత్రి కబురుతో కేసు రాసుకున్న పోలీసులు నెల తిరక్కముందే వాంగ్మూలం అడిగితే, ఎవరూ రాలేదు, పనిలో ఉలి జారింది అని చెప్పాడు. కేసు పోయింది. పేరు మోసిన పనివాడికి ఉలి పట్టడం చేతకాలేదా అని వీధిలో నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ వాకిట్లో నిలబడి, మమ్మల్ని కాపాడిన నోటితోనే వాళ్ళనీ కాపాడావు, నీకు భయం తప్ప నీతి లేదు అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "అన్నం తిన్నావా" అని అడిగాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నాయన గెలిచిన పార్టీ కండువా కప్పించుకున్నాడు. మన అంగడి నిలబడాలంటే తప్పదన్నాడు. ఆ కేసుకీ ఈ కండువాకీ ముడి ఉందేమోనని నాకు తట్టలేదు. తట్టకుండా చూసుకున్నానేమో కూడా.

కబురు విని పోయి, అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, మామను అనరాని మాటలన్నానని ఏడ్చాను. ఆమె కోప్పడలేదు.

"మీ నాయనే వచ్చి అడిగినాడురా. కేసుంటే వాళ్ళు పార్టీలో చేర్చుకోరు, అంగడి తెరవనీరని చెయ్యి పట్టుకున్నాడు. నీకు చెప్తానంటే ఈయనే వద్దన్నాడు. పిల్లోడికి నాయన మీద మనసు విరిగిపోతాదన్నాడు."

మా కోసం ముందు చేయి పోగొట్టుకున్నాడు, తర్వాత ఆ చేతికున్న పేరు పోగొట్టుకున్నాడు. ఇది చదివితే నాయన నాతో మాట్లాడడేమో. అయినా రాస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన చోట నేను చెప్పలేదు.

ఖబరస్తాన్‌కి రెండు పార్టీలవాళ్ళూ వచ్చారు. కొడవలి విసిరినవాడు కూడా జనాజాకి భుజం పట్టాడు. మట్టి వేయడానికి నిలబడి ఉంటే, కొండాపురం నుంచి వచ్చిన మామ బంధువు, ముసలాయన, నా వైపు తిరిగాడు.

"అంత పనోడికి ఉలి ఎట్ట జారిందబ్బా? పక్కింటోడివి గదా, నీకు తెలిసుంటాది."

నా పక్కనే నాయన ఉన్నాడు, గుప్పిట్లో మట్టితో. ఆయన తల ఎత్తలేదు.

"జారింది తాతా" అన్నాను.

నాయన చేయి ముందుకు సాగలేదు. గుప్పిట్లోని మట్టి ఆయన కాళ్ళ మీదే రాలిపోయింది.