ఈనిడ్ కూర్చోవడానికో బల్ల

ఇంగ్లండులో, మా ష్రాప్‌షైర్‌లో విల్ఫ్ టన్నిక్లిఫ్ ఒక పాత ఇంజను కోసం సొంత ఇల్లు కూలగొట్టాడు. సరే, ఇల్లు కాదు, షెడ్డు తలుపు. దాని చట్రం, పక్కన రెండు వరసల ఇటుకలు. విల్ఫ్ చెవి మీద సుద్దముక్కతో, చేతిలో చల్లారిన టీతో, అందరి పాత ఇంజన్లకూ చక్రాల బళ్లు చేసిపెడుతుంటాడు. ఏదైనా రెండుసార్లు కొలిచి, మూడోసారి జేనతో సరిచూస్తాడు. పక్కింటి ఈనిడ్ భర్త పోయాక, ఆయన నీళ్లు తోడిన ఇంజను తొమ్మిదేళ్లుగా మూగపడి ఉంది. ఆదివారం ఊళ్లో జరిగే పాత ఇంజన్ల ప్రదర్శనలో దాని చప్పుడు ఒక్కసారి వినాలని ఆమె కోరిక. విల్ఫ్ దాన్ని బాగుచేసి బండికి బిగించాడు. ఆమె ఎక్కువసేపు నిలబడలేని మనిషని శనివారం గుర్తొచ్చి, బండి పక్కకు ఇనప బల్ల ఒకటి వెల్డింగు చేసి అతికించాడు. కొలవనిది తలుపొక్కటే. బల్ల అడ్డొచ్చి బండి షెడ్డులోంచి బయటికి రాలేదు.

"బల్ల కోసెయ్యవయ్యా!" అన్నాను, సాయానికి వెళ్లిన నేను.

"ఆవిడెక్కడ కూర్చుంటుంది, నీ నెత్తి మీదా?" అంటూ సుత్తి అందుకున్నాడు.

మర్నాడు ప్రదర్శనలో ఈనిడ్ ఆ బల్ల మీదే కూర్చుని, ఇంజను టుక్కుటుక్కుమంటుంటే వచ్చినవాళ్లందరికీ టీ పోసింది. నేను ఊరుకోక జరిగిందంతా చెప్పేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, "మా ఆయన పక్కన కూర్చున్నట్టే ఉంది, విల్ఫ్. పాపం, నా కోసం తలుపు పగలగొట్టుకున్నావా?" అంది.

విల్ఫ్ టోపీ కిందికి లాక్కున్నాడు. "ఏ తలుపు? ఆ షెడ్డుకు తలుపెప్పుడుంది? ఈ ముసలాడి మాటలు నమ్మకు."