ఉబ్బిన టిన్నులు

పుంగనూరు బయట ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే పరీక్ష గదిలో నలుగురు ఆడవాళ్ళు ఉండేవారు. పోయిన వేసవిలో సీజను మొదలుకాకముందే, ఖర్చు తగ్గించాలని ముగ్గురిని పనిలోంచి తీసేశారు. మదనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే జెమీమా ఒక్కతే మిగిలింది.

"నీ అదృష్టం బాగుండాది" అన్నారు తోటివాళ్ళు. అదృష్టం సంగతేమో గానీ, ఆ రోజు నుంచి ఆమెకు కూర్చుని అన్నం తినే తీరికే లేదు. నలుగురి పని ఒక్కతే చేయలేక, చేయని పరీక్షల గడుల్లో నిన్నటి అంకెలే దించి సంతకం పెట్టేది. పెట్టిన ప్రతిసారీ తన మీద తనకే ఒళ్ళు మండేది.

సీజను మధ్యలో, చెన్నైకి పోయిన లారీ సరుకు తిరిగొచ్చింది. టిన్నులన్నీ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

"సంతకం నీదే కదా?" అని మేనేజరు సుదర్శన్ ఆమెకు మెమో ఇచ్చాడు.

తప్పెక్కడ జరిగిందో జెమీమాకు తెలుసు. మూత సరిగా బిగియక గాలి దూరితే లోపల గుజ్జు పులిసి టిన్ను ఉబ్బుతుంది. తీసేసిన ముగ్గురిలో పెద్దామె విజయమ్మ. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. గంటకోసారి మూతలు బిగించే మిషను దగ్గరికి పోయి, రెండు టిన్నులు తీసి, మూత అంచు చుట్టూ బొటనవేలు తిప్పేది. వేలికి ఏమాత్రం తేడా తగిలినా మిషను ఆపించేది. ఆ పని ఏ కాగితంలోనూ లేదు. ఆమెతోపాటు అదీ పోయిందని ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

జెమీమా చెప్పింది విని సుదర్శన్, "విజయమ్మను రెండు రోజులు వచ్చి నేర్పించి పొమ్మను" అన్నాడు.

"మీరే ఫోన్ చేయండి సార్."

"నేను చేస్తే బాగుండదు. నువ్వే అడుగు."

విజయమ్మ ఇప్పుడు మదనపల్లె టమోటా మార్కెట్‌లో కాయలు ఏరుతోంది. జెమీమాను చూసినా చేయి ఆపలేదు. అంతా విన్నాక అంది:

"నన్ను పొమ్మనేటప్పుడు అరగంట టైమిచ్చినారు. నా టిపను క్యారియరు గూడా వాచ్‌మనే తెచ్చి గేటు కాడ ఇచ్చినాడు. ఇప్పుడు పిలిసేదానికి వాళ్ళకు నోరు ల్యాదా? నిన్ను పంపించినారా?"

"మెమో నాకిచ్చినారక్కా."

విజయమ్మ కుళ్ళిన కాయొకటి పక్కకు విసిరింది. "నీ మీద నాకు కోపం ల్యాదమ్మా. కానీ నేను రాను. ఆ పని రెండు దినాల్లో వచ్చేది కాదు. నాకే రెండేండ్లు పట్టింది. పోయి సెప్పు."

మరుసటి రోజు జెమీమా చేయని పరీక్షల గడులన్నీ ఖాళీగా వదిలేసి కాగితం సుదర్శన్ ముందు పెట్టింది. "చేసినవాటికే సంతకం పెట్టినాను సార్."

ఆయన కేకలేశాడు. ఆమె కదల్లేదు. పరీక్షల కాగితం పూర్తికాక మూడు రోజులు లారీలు గేటు లోపలే నిలబడిపోయాయి. నాలుగో రోజు కుప్పం నుంచి ఇద్దరు కొత్తమ్మాయిల్ని తీసుకొచ్చారు. వాళ్ళకు నేర్పే పని కూడా జెమీమా నెత్తినే పడింది.

నెల తిరక్కుండానే ఒకమ్మాయి సంచి సర్దుకుంది. "ఈడ ఎప్పుడు తీసేస్తారో తెలీదంట గదక్కా!"

జెమీమా ఆమెను ఆపలేదు. ఏమని ఆపుతుంది? అప్పటికే తను కలికిరిలో ఒక పాల డెయిరీలో ఉద్యోగానికి అప్లికేషన్ ఇచ్చి వచ్చింది.