కల్లంలో కొంగ పరదా

నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, మా స్టూడియో బోర్డు చదవడం వచ్చు. అంతకుమించి అక్షరాల జోలికి పోను. నా మాటను జర సాపు చేసి రాస్తానంది. చేసుకో గానీ, కొంగను మాత్రం హంస అని రాయకు అన్నాను.

ఆ కొంగ సంగతి ముందు చెప్పాలి. దేవరకొండలో మా స్టూడియోలో ఒక పరదా ఉంది, ఫొటో దిగేవాళ్ల వెనక వేలాడే పెద్ద గుడ్డ. నా పెనిమిటి ఫొటోల పనిలోకి రాకముందు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మా పెళ్లయిన కొత్తలో తనే రంగులు కలిపి ఆ గుడ్డ మీద ఒక మేడ, మేడ ముందు కొలను, కొలనులో ఒక హంసను వేశాడు. హంసకు మెడ సాగింది, ముక్కూ సాగింది. ఊరంతా దాన్ని కొంగ పరదా అంది. ఆయన మాత్రం పోయేదాకా అది హంసేనని వాదించాడు.

ఆయన పోయాక నేను స్టూడియోకు తాళం వేస్తాననుకున్నారు. వేయలేదు. ఆయన పక్కన గొడుగు లైటు పట్టుకుని నిలబడింది నేనే, ఏడ్చే పిల్లలకు పౌడరు రాసి నవ్వించింది నేనే. కెమెరాలో ఏ మీట ఏం చేస్తుందో నా వేళ్లకు తెలుసు. నాది బొంగురు గొంతు. గడ్డం ఎత్తమంటే ఎంత పెద్దమనిషైనా ఉలిక్కిపడి ఎత్తుతాడు. పాస్‌పోర్టు ఫొటోలు, బడి పిల్లల ఫొటోలు ఆగకుండా వచ్చేవి. రానివి పెళ్లిళ్లు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. మగమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగి, లేరంటే మళ్లీ వస్తామని వెళ్లిపోయేవారు. మొగుడు పోయిన మనిషి పందిట్లో పిల్లా పిలగాడికి ఎదురుగా నిలబడితే మంచిది కాదని వాళ్ల భయం.

నాకేమో ఒకటే ఆశ. తలంబ్రాలు పోసుకునేటప్పుడు పెళ్లిపిల్ల మొహం, పిలగాడి మొహం ఉన్నట్టుండి చిన్నపిల్లల మొహాలైపోతాయి. ఎన్నో పెళ్లిళ్లలో ఆయన ఫొటో తీస్తుంటే నేను లైటు పట్టుకుని చూశాను. ఒక్కసారైనా ఆ ఫొటో నా చేత్తో తీయాలి.

ఒక ఎండాకాలం, పక్క పల్లె నుంచి ఒక పిల్ల వచ్చింది. పెళ్లి కుదిరింది, ఏదో దరఖాస్తుకు ఫొటో కావాలంది. కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం ఎత్తమంటే, గడ్డం ఎత్తకుండా మూలనున్న పరదాను చూస్తోంది.

"అక్కా, గీ కొంగ మా ఇంట్ల గోడ మీదున్నది" అంది.

వాళ్ల అమ్మానాయిన పెళ్లయిన కొత్తలో మా దగ్గర దిగిన ఫొటో అట. వాళ్లు పట్నంలో ఇళ్లు కట్టే పనికి పోతే ఈ పిల్లను అవ్వ పెంచింది, అంటే నాయినమ్మ. పిల్ల రోజూ ఆ ఫొటో చూస్తూ అన్నం తినేదట. ఈ కాలం పిల్లలు పెళ్లికి ముందే జంటగా ఫొటోలు దిగుతున్నారు కదా, అందరూ మా దేవరకొండ కోట ఎక్కుతారు, లేకపోతే సాగర్ నీళ్ల దగ్గరికి పోతారు. అవ్వ కోట ఎక్కలేదు, అవ్వ లేకుండా ఆ ఫొటోలు నాకొద్దు అంది.

అప్పుడే నాకు తట్టింది. అవ్వను కోటకు తీసుకుపోలేకపోతే మేడనే అవ్వ దగ్గరికి తీసుకుపోదాం. పరదాను వాళ్ల కల్లంలో నిలబెడదాం అన్నాను. నా బిడ్డ వెంటనే కాగితం మీద బొమ్మ గీసింది. పిలగాడు పాత ఫొటోల్లోలాగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చోవాలి. పిల్ల కుర్చీ వీపు పట్టుకుని నిలబడాలి. దగ్గర నుంచి తీస్తే వెనక మేడ, కొలను. దూరం జరిగి తీస్తే ఆ మేడ చుట్టూ గడ్డివాము, మేకలు, పీకేసిన పల్లిచేను. పిల్ల చప్పట్లు కొట్టింది. ఇవి మంచిగా వస్తే పెళ్లి ఫొటోలూ నీవేనక్కా అంది. ఆ రాత్రి అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు.

అనుకున్న రోజు పరదాతో మేం పోయేసరికి అవ్వ సల్ల ముంతతో ఎదురొచ్చింది. నేను తాగేదాకా ఆగి, మెల్లగా అంది.

"ఏమనుకోకు బిడ్డా. గీ ఫొటోలు తీసుకో. పెండ్లికి వేరేటోన్ని పిలుస్తం. నా సొంత మనుమరాలి పెండ్లి, నేనే పందిట్లకు పోను. ఎనుక గడపకాడ కూసుంట."

అవ్వ మొగుడూ పోయి చాలా ఏళ్లయింది. తనకు పెట్టుకున్న కట్టుబాటే నాకూ పెట్టింది, అందులో కసి లేదు. కసి ఉంటే నాలుగు మాటలు అనేదాన్ని. సల్ల ముంత తిరిగి ఇచ్చి పరదా విప్పాను.

ఆ పరదా పుట్టినప్పటి నుంచి నాలుగు గోడల మధ్యే ఉంది. బయట గాలి ఉంటుందని మాకెవరికీ తోచలేదు. రెండు వాసాలు పాతి, పైన తాడు కట్టి, కింద అంచు మీద పల్లికాయ బస్తాలు పెట్టాం. పిలగాడు ఆలేరులో ఎరువుల దుకాణంలో పని చేస్తాడు, నవ్వకుండా ఉండలేని మనిషి. బిగుసుకుని కూర్చోరా అంటే బిగుసుకుని మరీ నవ్వుతాడు. అవ్వ కల్లం చివర మంచం వేసుకుని, జంటకు దూరంగా, మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది.

మబ్బు పట్టింది. ఒక్క గాలి వచ్చింది. తాళ్లు తెగాయి, బస్తాలు దొర్లాయి, మా మేడ లేచింది. లేచి మేకల మీదుగా పోయింది. మేకలు ఒక దిక్కు, నా బిడ్డ ఒక దిక్కు. పరదా తిన్నగా పోయి అవ్వ మంచానికి చుట్టుకుంది.

అవ్వ రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టింది. పట్టిన, పట్టిన, ఉరుకుండ్రి అని కేక వేసింది. పిల్లా పిలగాడు ఉరికొచ్చి చెరొక పక్క గుడ్డ మీద పడ్డారు. మంచం పక్కకు ఒరిగింది. ముగ్గురూ గుడ్డలో చుట్టుకుపోయి నవ్వుతున్నారు. అవ్వ తల పైకి వచ్చింది, సరిగ్గా కొంగ పక్కన. నేను ఉరుకుతూనే తీశాను, మోకాళ్ల మీద పడి తీశాను. చీర చిరిగింది, చూసుకోలేదు.

ఊపిరి తీసుకున్నాక అందరికీ కెమెరా వెనక బొమ్మ చూపించాను. అవ్వ చాలాసేపు చూసింది. ముందు తన బోసినోరు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తాను ఎక్కడ ఉందో చూసింది. పిల్లకూ పిలగాడికీ సరిగ్గా నడుమ. నవ్వు ఆగిపోయింది.

పిలగాడు ఆ మొహం కనిపెట్టాడు.

"పందిట్ల సుత గిట్లనే నడుమల కూసో అవ్వా. నా బాసింగం నీకే కడత."

అవ్వ వాడి వీపు మీద ఒకటి వేసింది. పిల్ల అవ్వ భుజం మీద గడ్డం ఆనించింది. చినుకులు మొదలయ్యాయి. పరదా మడత పెడుతుంటే అవ్వ ఒక అంచు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పిలిస్తె పందిట్లకు వస్తవా?"

"వస్త అవ్వా."

"నువ్వొస్తె నేనొస్త. ఒక్కదాన్ని పోవాల్నంటె కాళ్లు ఆడయి."

పెళ్లినాడు నేను మంచి నీలం చీర కట్టుకున్నాను. నా బిడ్డ లైటు పట్టుకుంది. అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. ముగ్గురం పందిట్లోకి నడిచాం. ఎవరో పెద్దామె వెనక నుంచి సణిగింది. అవ్వ తిరిగి చూసి, కండ్లు నొస్తే కండ్లు మూసుకో అంది.

తలంబ్రాలు మొదలయ్యాయి. పిల్ల ముందు సిగ్గుపడింది, తర్వాత దోసిలి నిండా తీసి పిలగాడి నెత్తిన కుమ్మరించింది. వాడు రెండు చేతులా ఎత్తి పోశాడు. అదిగో, ఇద్దరి మొహాలూ ఐదేళ్ల పిల్లల మొహాలైపోయాయి. నేను తీస్తున్నాను, పసుపు బియ్యం నా నెత్తిన, కెమెరా మీద, నా నోట్లో. ఇంకా దగ్గరికి జరిగాను. వెనక నుంచి నా చీర కొంగు పట్టి ఎవరో గుంజారు. ఇప్పుడు దిగిపొమ్మంటారు అనుకుని తిరిగి చూస్తే అవ్వ.

"జర వంగు బిడ్డా" అంది, "నాకేం కనబడ్తలేదు."

వంగాను. వంగే తీశాను మిగిలినవన్నీ.