ఇంధనం లేదన్న కెప్టెన్

భీమశంకరం గారి గురించి మా కర్మాగారంలో అందరికీ ఒకే కథ తెలుసు. 1968లో ఊళ్ళో ఆయన భార్య నాగరత్నం గారికి జబ్బు ముదిరితే, ఫోర్‌మన్ వెంకటేశ్వరరావు సెలవు ఇవ్వలేదు. టెలిగ్రాం వచ్చేసరికి ఆవిడ పోయింది. ఇంతే కథ. నేనే కనీసం ఇరవై మందికి చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఫోర్‌మన్ మీద కొత్తగా ఒళ్ళు మండేది. నా ఒళ్ళు మండటానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి.

ఆయనది అమలాపురం వైపు. 1966లో ఉద్యోగం దొరికి ఒక్కడే వచ్చాడు. క్వార్టరు ఇచ్చాక భార్యని తెచ్చుకుందామని పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. క్వార్టరు 1969లో ఇచ్చారు. రెండు గదులు, వంటిల్లు, వెనక కాస్త పెరడు. ఆ ఇంట్లో కూడా ఒక్కడే దిగాడు. పోతపోసే షాపులో చెక్క అచ్చులు దాచే స్టోర్సులో ఆయన పని. అక్కడ రోజంతా మాట్లాడే అవసరం ఉండదు. అందుకేనేమో, ఎప్పుడైనా నోరు విప్పితే మాట అయిపోయాక కూడా కాసేపు మన ముఖంలోకి చూస్తూ నిలబడేవాడు. ఆ చూపుకు ఏం బదులివ్వాలో తెలియక మేమంతా గడియారం చూసుకుని వెళ్ళిపోయేవాళ్ళం.

ఆదివారాలు బస్సెక్కి హైదరాబాదు వెళ్ళి, ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గర సాయంత్రం దాకా తిరిగేవాడు. 1973లో ఒక ఆదివారం అక్కడే ఆ ఇంగ్లీషు నవల దొరికింది. చిన్న పుస్తకం, సగం ఊడిన అట్ట. అట్ట మీద బిగుతు చొక్కాల మనుషులు, వెనక నక్షత్రాలు. ఏదో దేశంలో టెలివిజన్‌లో వారం వారం వచ్చే అంతరిక్షం కథని పుస్తకంగా వేశామని లోపల రాసి ఉంది. మేమెవరం టెలివిజన్ ఎరగం. రేడియోకి అద్దం బిగిస్తే అదేనని మా ఆఫీసులో ఒకాయన వివరించేవాడు.

నేను లేబర్ వెల్ఫేర్ ఆఫీసులో గుమాస్తాని. మా కర్మాగారం నెలకోసారి సైక్లోస్టయిల్ చేసి పంచే పత్రికకి సంపాదకుణ్ణి కూడా. భీమశంకరం గారు ఆ నవలని తెలుగు చేసి, ఆరు నెలలకు సరిపడా దస్తా కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చదివాను. బాగుంది. ఆ మాట ఆయనతో అనలేదు, “చూద్దాం లెండి” అన్నాను. సంపాదకులు అలా అనాలని నా నమ్మకం.

కథ చాలా చిన్నది. మనుషులు లేని ఒక గ్రహం మీద దారి చూపే దీపం ఒకటి ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఒక స్త్రీ ఉంటుంది. దీపం యంత్రం పాడవుతుంది, గాలి తగ్గిపోతూ ఉంటుంది. ఆమె రోజూ ఒకే వేళకి, ఆకాశంలో పోయే ఒక ఓడని వైర్‌లెస్‌లో పిలుస్తుంది. ఓడ కెప్టెన్‌కి ఆ పిలుపు వినిపిస్తూనే ఉంటుంది. వెనక్కి తిరగడానికి ఇంధనం లేదంటాడు. ఒకరోజు పిలుపు ఆగిపోతుంది. ఓడ ముందుకు పోతుంది.

ఆ పుస్తకంలో ఒక తిరకాసు ఉంది. ఎవరి ముఖం ఎలా ఉంటుందో ఎక్కడా రాయలేదు. టెలివిజన్‌లో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా. మనవాళ్ళకి చెప్పకపోతే ఎలాగని భీమశంకరం గారు తానే ముఖాలు పెట్టాడు. కెప్టెన్‌కి బట్టతల, ఎండాకాలంలో కూడా ఊదారంగు సగం చేతుల స్వెట్టరు, మాట్లాడుతూ చెవి తమ్మె నలుపుకునే అలవాటు. మొదటి భాగం పంచిన గంటలో షాపు షాపంతా పకపకా నవ్వింది. అచ్చం ఫోర్‌మన్ వెంకటేశ్వరరావే.

మా పత్రికలో సీరియల్ వేస్తే, క్యాంటీన్ గుమ్మం దగ్గర కర్రపెట్టె తగిలించి పాఠకుల అభిప్రాయాలు తీసుకుంటాం. అంతకుముందు సీరియల్‌కి ఆరు నెలలకి నాలుగు చీటీలు వచ్చాయి, అందులో ఒకటి క్యాంటీన్ సాంబారు గురించి. ఈసారి పెట్టె నిండిపోయింది. “ఇంధనం లేదు, సెలవు లేదు, రెండూ ఒకటే” అని ఒకడు. “కెప్టెన్‌కి చెవి తమ్మె ఊడిపోయేలా ఉంది, జాగ్రత్త” అని ఇంకొకడు. డిజైన్ ఆఫీసు ఇంజనీర్లు మాత్రం అంత బరువు ఓడకి అంత ఇంధనం చాలదని ఒకరూ, బోలెడు మిగులుతుందని ఒకరూ పేజీలకు పేజీలు లెక్కలు వేశారు. వెంకటేశ్వరరావు కూడా ఒక చీటీ రాశాడు. “కథలో బాధ్యత తెలిసిన మనిషి కెప్టెన్ ఒక్కడే. బాగున్నది.” దాన్ని అందరికీ చదివి వినిపించి కడుపు పట్టుకుని నవ్వాను. ఆ కెప్టెన్ తానేనని పెద్దమనిషికి తెలియలేదని సంబరపడ్డాను.

నెల మొదటి శనివారం మధ్యాహ్నం పెట్టె తెరిచేటప్పుడు భీమశంకరం గారు వచ్చి కూర్చునేవాడు. అన్నీ చదివేవాడు. చివర్న ఒకే ప్రశ్న అడిగేవాడు.

“ఆవిడ గురించి ఎవరూ రాయలేదా, రాజారావు గారూ?”

ఆవిడంటే దీపం దగ్గర ఉన్న స్త్రీ. ఆమె ప్రతిసారీ వైర్‌లెస్‌లో “అదేమిటంటే, ఏమీ లేదు, ఊరికే పిలిచాను” అని మొదలుపెడుతుంది. నాగరత్నం గారి ఉత్తరాలు అలాగే మొదలయ్యేవని ఆయన నాతో ఒకసారి అన్నాడు. అంటే ఆ ముఖం ఎవరిదో నాకు తెలుసు. తెలిసి కూడా, కాగితం కొరతగా ఉందని ఆ వాక్యాన్ని రెండు భాగాల్లో కొట్టేశాను. ఆయన అది చూసుకున్నాడు. దానికి ఇవాళ్టికీ సిగ్గుపడతాను. ఎవరైనా ఒక్కరు ఆమె గురించి ఒక్క ముక్క రాస్తే చాలునని ఆయన ఎదురుచూశాడు. ఆరు నెలల్లో ఒక్కరూ రాయలేదు. నేనే దొంగపేరుతో ఒకటి రాసి పడేద్దామనుకున్నాను గానీ, నా దస్తూరి ఆయనకి తెలుసు.

చివరి భాగం వచ్చిన నెల, పెట్టె బోర్లించి చీటీలు విప్పుతూ ఉన్నాం. క్యాంటీన్‌లో బియ్యం ఏరే సంగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెలిమెల నుంచి రోజూ నడిచి వస్తుంది. చదువు రాదు. టిఫిన్ వేళ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కథ పైకి చదువుతుంటే చేట చేతిలో పట్టుకునే వింటూ ఉండేదట.

“సారూ, నాది గూడ ఒకటి రాస్తరా? కథ మీద.”

చదవనివాళ్ళది పాఠకుల అభిప్రాయం ఎలా అవుతుందని నా నోటి దాకా వచ్చింది. భీమశంకరం గారు అప్పటికే కాగితం తీసి కలం విప్పాడు.

“చెప్పు సంగమ్మా. నువ్వన్నట్టే రాస్తాను.”

“ఆ దీపంకాడి ఆమె దినాం ఏం లేదు, ఊకెనే పిల్సిన అంటది సూడు. ఏం లేదన్నదంటెనే ఏమో ఉన్నట్టు సారూ. ఆడిమనిషి గట్లనే అంటది. మీ మొగోళ్ళకు సమజ్ గాలె.”

ఆయన తల ఎత్తకుండా రాశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆరు నెలలుగా అడుగుతున్నది దొరికింది కదా అని నాకు పట్టరాని సంతోషం వేసింది.

“ఇంకా ఏమన్నా ఉందా?” అని అడిగాడు.

“ఉన్నది. గా కెప్టెన్ సారు పెట్రోలు లేదు, పెట్రోలు లేదు అనుకుంట కూసున్నడు గని, జెర లేచి పోయి ట్యాంకి మూత తీసి సూసిండా? కథ మొత్తం ఇన్న. ఒక్కపారి గూడ సూడలే. ఉన్నదో లేదో సూడకుంటనే లేదన్నడు. గది రాయి సారూ.”

కలం ఆగింది. ఇంజనీర్లు లెక్కలు కట్టిన ఇన్ని పేజీల్లో ఈ మాట ఒక్కరికీ తట్టలేదు. నేను నవ్వి, “చూశారా, మన ఫోర్‌మన్ బండారం సంగమ్మ కూడా పట్టేసింది” అన్నాను.

భీమశంకరం గారు నవ్వలేదు. ఆ వాక్యం పూర్తిగా రాశాడు. కింద ‘సంగమ్మ, వెలిమెల’ అని రాశాడు. కాగితం నా వైపు జరిపాడు.

“ఫోర్‌మన్ గారి తప్పేమీ లేదు, రాజారావు గారూ. నేను సెలవు అడగలేదు.”

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను.

“అడగలేదండీ. వెళ్తే మా ఆవిడ నన్నూ తీసుకుపో అంటుంది. ఆ మంచం మీద ఆ మనిషిని చూడాలి. ఎలా చూడను? ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ ఇరవై రోజులు ఆయన గది ముందు నుంచి నడిచి వెళ్ళిపోయాను. తర్వాత మీరంతా ఆయన ఇవ్వలేదన్నారు. నేను కాదనలేదు.”

అయిదేళ్ళు నేను ఇరవై మందికి చెప్పిన కథ నా ఎదురుగా కూలిపోయింది. కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ స్వెట్టరు మనిషికి ఒక్కసారన్నా తిన్నగా నమస్కారం పెట్టిన గుర్తు నాకు లేదు.

సంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడే ఉంది. ఆమెకి కొంతే తెలిసింది, ఆ కొంత చాలింది. “మరి ఆమెకు ఏమని చెప్పినవ్ సారూ?” అని మెల్లగా అడిగింది.

“సెలవు ఇవ్వలేదని ఉత్తరం రాశాను.”

“ఏమన్నది?”

ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“జవాబు రాసింది. పాపం, ఆ ఫోర్‌మన్ గారికి ఎన్ని ఇబ్బందులో, ఆయన్ని తిట్టుకోకండి అని రాసింది.”