చెంగమ్మకు వచ్చిన మూర్ఛ

రూతమ్మక్క పోయి నెలయింది. ఉన్నన్నాళ్ళు ఈ కథ నన్ను చెప్పనివ్వలేదు. తనే చెప్పేది, ఏటికేడు కొంచెం పెంచుతూ. చివరికి నేను డాక్టరమ్మను కూడా మంచానికి కట్టేశానన్నంత వరకూ వచ్చింది. అది అబద్ధం. గుడియాత్తంలో ఒక వీధి వీధికే మూర్ఛరోగం అంటగట్టిన మాట మాత్రం నిజం.

అప్పుడు వేలూరు ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకుంటున్నాను. రూతమ్మక్క మా వార్డు పెద్ద. మూర్ఛ గురించి పాఠం ముందురోజే విన్నాను. కొత్త చెప్పులు తొడిగినవాడు ఊరికే వీధిలో తిరిగినట్టు, ఎవరికి మూర్ఛ వస్తుందా అని మంచాల మధ్య తిరుగుతున్నాను.

గుడియాత్తం చెంగమ్మ మోకాటి మీద గడ్డ కోయించుకుని మా వార్డులో ఉంది. మగ్గం నేసే మనిషి. మర్నాటికి ఇల్లు చేరకపోతే షావుకారు ఆమె నూలు వేరే ఇంటికి ఇచ్చేస్తాడు. డాక్టరమ్మ చూసి సరేనంటేనే ప్రయాణం.

అక్క పాలకని వెళ్ళింది. చూస్తే చెంగమ్మ కళ్ళు మూసుకుని ఉంది. దుప్పటి కింద కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి కొట్టుకుంటున్నాయి. చేతులు అటూ ఇటూ విసురుతున్నాయి. ఇంకేముంది. నోట్లో గుడ్డ మడిచి పెట్టాను. చేతులు మంచానికి కట్టాను. కాలి మీద కూర్చున్నాను, బాగున్న కాలి మీదనే. ఆ మాత్రం తెలివి ఉంది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. దొరసాని. తమిళం వచ్చు, తెలుగు రాదు. దుబాసీని నేనే. మూర్ఛ వచ్చిందని చెప్పాను. ఆమె అడగమన్నవి, గుడ్డ తీసి అడిగాను.

"చెంగమ్మా, ఇది నీకు ఎప్పట్నించి వస్తాది?"

"ఏడేండ్లప్పుడే వచ్చేసిందమ్మా."

"ఇంట్లో ఇంకెవరికన్నా వస్తాదా?"

"అందరికీ వస్తాది. మా ఆడబిడ్డకు నాకన్నా బాగా వస్తాది."

"పిల్లోళ్ళకు?"

"పెద్దదానికి వచ్చె. చిన్నోడికి ఇంకా రాలా. రెండు తగిలిస్తే వాడికీ వస్తాది."

"మీ వీధిలో?"

"రానోళ్ళు ఎవరుండారు? రాకపోతే కూడు యాడిది?"

అన్నీ తమిళంలో చెప్పాను. 'రావడం' అన్న మాటకు తెలుగులో లాగే ఆ భాషలోనూ రెండర్థాలు. అసలే తెల్లగా ఉన్న దొరసాని ముఖం ఇంకా తెల్లబడింది.

"ఈమెను పంపేది లేదు. ముందు ఆ వీధిని చూడాలి," అంది.

ఆ మాట తెలుగులో చెప్పగానే చెంగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా నూలు పోతాదమ్మా," అంది.

మీకు నవ్వుగా ఉంది. ఆ క్షణాన నాకు మాత్రం ఒక ప్రాణం నిలబెట్టానని గర్వంగా ఉంది.

పాలచెంబుతో వచ్చిన అక్క ముందు కట్లు చూసింది, తర్వాత నన్ను చూసింది. వెళ్ళి చెంగమ్మ పక్కన కూర్చుంది.

"ఏం చేస్తాంటివి చెంగమ్మా?"

"నేస్తాంటినక్కా. ఇంటికి పోతే మగ్గం తొక్కను కాలు ఆడతాదో లేదో అని చూసుకుంటాంటి."

"ఈ పాప కట్టేస్తాంటే అరవలేదే?"

"గడ్డ కోసేటప్పుడూ కట్టేస్తిరి గదా. ఇదీ వైద్యమే అనుకుంటి."

అక్క తమిళంలో రెండు ముక్కలు చెప్పింది. దొరసాని చెంగమ్మను మంచం అంచున కూర్చోబెట్టి మళ్ళీ నెయ్యమంది. చెంగమ్మ గాలిలోనే జానెడు బట్ట నేసింది. మోకాలు చక్కగా వంగింది. "పంపండి," అని దొరసాని వరండాలోకి వెళ్ళింది. ఆమె నవ్వు లోపలికి వినబడింది.

బండెక్కుతూ చెంగమ్మ నన్ను పిలిచింది.

"పాపా, ఇంకోసారి ఎవర్నన్నా కడితే ముడి గట్టిగా వెయ్యి. నువ్వేసినవి అప్పుడే ఊడిపోయినాయి. నువ్వు బాధపడతావని చేతులు అట్నే పెట్టుకుంటి."

ఆ గేటు దగ్గరే నిలబడి ప్రమాణం చేశాను. నా కళ్ళెదుట నిజంగానే మూర్ఛ వచ్చి పడిపోయినా సరే, "ఏమమ్మా, నీదేం పని?" అని అడిగి, జవాబు విన్నాకే నమ్ముతాను.