వెనక తెరుచుకునే గౌను

మా న్యూ ఆర్లీన్స్‌లో కోరలు తగిలించుకుని ఫోటోలు దిగే టూరిస్టులని చూస్తే వెర్లీన్ జూబేర్‌కి ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆమె వ్యాంపైర్. నల్ల అంగీ వెయ్యదు, శవపేటికలో పడుకోదు, వెల్లుల్లి లేనిదే బీన్స్ పొయ్యి ఎక్కించదు, ఆదివారం చర్చి మానదు. స్కూలు బస్సు నడుపుతుంది. కాకపోతే ఈడొచ్చిన దగ్గర్నుంచీ, అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు మనిషి రక్తం తాగకపోతే నీరసంతో కాళ్ళు తేలిపోతాయి. చెయ్యని పరీక్ష లేదు, ఏ డాక్టరుకీ ఏమీ దొరకలేదు. కారణం ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. తెలీదు కాబట్టి నాటకం అనేవాళ్ళంటే మాత్రం నాకు చిరాకు.

ఆ నాలుగు చుక్కలూ ఇచ్చేది నేనే. పేరు ఆక్టేవ్, కార్నివాల్ ఊరేగింపు బళ్ళకి రంగులేస్తాను. ఇద్దరం రక్తపరీక్షలు చేయించుకుంటాం. ప్రతిసారీ కొత్త బ్లేడు, ప్రతిసారీ "ఇస్తావా?" అని అడగడం. వద్దంటే ఊరుకుంటుంది. గాటు నా భుజం వెనక. చేతుల్లేని బనీను వేసుకున్నా కనబడదని మేం తెలివిగా ఎంచుకున్న చోటది.

ఆస్పత్రి గౌను వెనకనుంచి తెరుచుకుంటుందని ఇద్దరికీ తట్టలేదు.

పిత్తాశయంలో రాళ్ళని చేరాను. డాక్టర్ పెల్హామ్ నన్ను పక్కకి తిప్పి ఆగిపోయింది. "ఈ గాట్లు మీ చెయ్యి అందే చోట లేవు. ఇంట్లో మిమ్మల్ని ఎవరు హింసిస్తున్నారు?"

ఊళ్ళో ఇలా తాగేవాళ్ళూ, ఇచ్చేవాళ్ళూ ఇంకొందరున్నారు. ఒకరి పేరు ఇంకొకరు బయటపెట్టకూడదన్నది మా కట్టుబాటు. మాలో ఒకావిడ సంగతి బయటపడి, బేకరీలో పనీ పోయింది, అద్దె ఇల్లూ పోయింది. నేను బిగదీసుకుంటే డాక్టరుకి అనుమానం పెరిగింది. అధికారులకి కబురు చెయ్యాల్సి వస్తుందంది.

సరిగ్గా అప్పుడే సూపు గిన్నెతో వెర్లీన్ వచ్చింది. మంచం పక్కనున్న నర్సు టోనెట్. ఆమె కూతురు రోజూ వెర్లీన్ బస్సే ఎక్కుతుంది. వెళ్ళిపొమ్మని కళ్ళతో సైగ చేశాను. చూసి కూడా కదల్లేదు.

"అతన్నెందుకు పీడిస్తారు డాక్టర్? ఆ గాట్లు నేను పెట్టినవి. ఇష్టపడి ఇస్తాడు, నేను తాగుతాను. వ్యాంపైర్ని."

"ఆవిడ మాటలు పట్టించుకోకండి," అన్నాను.

"నువ్వు నోర్మూసుకుని పడుకో."

టోనెట్ మొహం పాలిపోయింది. "మా పిల్ల నీ బస్సులోనే వస్తుంది."

"తెలుసమ్మా. తెలిసే చెప్పాను."

"ఇన్నాళ్ళూ దాని మెడ చూస్తూ..."

"ఇన్నాళ్ళూ రోడ్డు చూస్తూ నడిపాను."

డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళిద్దర్నీ కాసేపు బయటికి పంపి నన్ను విడిగా అడిగింది, నేనూ ఉన్నదున్నట్టు చెప్పాను. "ఇదెందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని పిచ్చి అని మాత్రం రాయను, అధికారులకి కబురూ చెయ్యను. పరీక్షలు మానకండి, మళ్ళీ దాచకండి," అంది. ఈ గదిలో విన్నది గడప దాటకూడదని టోనెట్‌కి గట్టిగా చెప్పింది.

గడప దాటితే వెర్లీన్ ఉద్యోగం అదే రోజు ఊడుతుంది. టోనెట్ ఎక్కడా నోరు జారలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మర్నాటినుంచి కూతుర్ని తన కార్లోనే దింపడం మొదలెట్టింది.

ఆ పిల్ల ఎక్కే మలుపు నేను రంగులేసే షెడ్డుకి ఎదురుగానే ఉంటుంది. ఆపరేషనై నేను తిరిగొచ్చాక చూస్తే, వెర్లీన్ రోజూ అక్కడ బస్సాపి తలుపు తెరుస్తోంది. కాసేపు చూసి మూసి వెళ్ళిపోతోంది. లోపల పిల్లలు నవ్వుతున్నారు.

"ఎవరూ లేని చోట ఆపుతావేం? ఆవిడ్ని ఇంకా రెచ్చగొట్టడానికా?" అని కసిరాను.

"ఆ పిల్ల నా బస్సు పిల్ల. ఆపకపోతే నేనే తప్పుకున్నట్టు. తప్పుకోను."

నాకు కోపమూ వచ్చింది, గర్వంగానూ అనిపించింది.

నిన్న కుండపోత. వీధిలో నీళ్ళు నిలిచి ఒక్క కారూ కదల్లేదు. టోనెట్ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో కూతుర్ని పట్టుకుని మలుపులో నిలబడింది. బస్సు ఎప్పట్లాగే ఆగింది. తలుపు తెరుచుకుంది.

"నా పిల్లకేమన్నా అయితే ఊరుకోను," అంది టోనెట్.

"ఊరుకోకు," అంది వెర్లీన్. "మెట్లు తడిగా ఉన్నాయి, కమ్మీ పట్టుకుని ఎక్కమను."

టోనెట్ కూతురి చెయ్యి వదిలింది.